చేవెళ్ళకు చిన్న రైలు

నౌపడ
12 డిసెంబర్ 1968

అక్క సారమ్మకు తమ్ముడు సాలోమోను వందనాలు.

ఇక్కడ అందరం బాగనే ఉన్నం. ప్రమీలమ్మ నిన్ను అడిగినట్టు రాయమన్నది. పెండ్లయి తొమ్మిదేండ్లయినా మన తెలంగాణ మాట ఆమెకు సగమే తెలుస్తది, ఈ శ్రీకాకుళం మాట నాకు సగమే వచ్చింది. పిల్లలు రెండూ కలిపి మాట్లాడుతరు.

నీ ఉత్తరంల జాగ దొరికిన కాడల్ల మారయ్య బావ పెన్సిల్‌తోని వచ్చీరాని అక్షరాలల్ల ప్రశ్నలు రాసిండు. వాటికి జవాబు రాస్తున్న, చదివి వినిపించు.

నేను పనిచేసే చిన్న రైలు లైన్ల రెండు పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులు. మీ శంకర్‌పల్లి స్టేషన్ల ఉన్న పెద్ద పట్టాలకు అయిదున్నర. పెద్ద ఇంజను పక్కన నిలబడితే దొర పక్కన నిలబడ్డట్టు ఉంటది. మా ఇంజను పక్కన నిలబడితే ఇంటి మనిషి లెక్క అనిపిస్తది. గుట్ట అడ్డమొస్తే తొలిచే పని లేదు, చుట్టు తిరిగి పోతది. జమీన్ తక్కువ పడుతది, వంతెనలు సన్నయి.

ఏం మోస్తదని అడిగిండు. నౌపడల ఉప్పు మడులున్నయి. ఇక్కడ ఉప్పు ఎక్కించుకొని టెక్కలి, పర్లాకిమిడి మీదుగ గుణుపూర్ దాక పోతం. వచ్చేటప్పుడు చింతపండు, పసుపు, వడ్లు, చీపుర్లు. సంత రోజు గుట్టల మీది సవరోళ్ళు కావళ్ళతోని ఎక్కుతరు. పోయిన వారం ఒక ముసలామె బండి వెంట ఉరుకుతుంటే మా డ్రైవర్ జోగినాయుడు బండి మెల్లగ చేసిండు, నేను బొగ్గు పార పక్కకు పెట్టి చెయ్యిచ్చి ఎక్కించిన. పెద్ద రైలుకు గిసొంటి మర్యాద తెలువదు.

జోగినాయుడు ఇంతకుముందు గోందియా దిక్కు పనిచేసిండు. అక్కడి చిన్న రైలు అడవి కట్టె, మాంగనీసు రాయి మోస్తదంట. మన పాత నిజాం ఇలాకాల లాతూరు ఉన్నది గద, అక్కడ పత్తి మోస్తది, పండరిపురం పోయే భక్తులను మోస్తది. డార్జిలింగ్‌ల రెండడుగుల పట్టాల మీద తేయాకు దింపుతరు. ఎక్కడ ఏం పండితే అది మోస్తదక్కా.

శంకర్‌పల్లి నుంచి ముడిమ్యాల, చేవెళ్ళ మీదుగ మొయినాబాద్ దాక అసొంటి లైను ఏస్తే ఎట్లుంటదని బావ అడిగిండు. మంచిగుంటదని చెప్పు. మీ దిక్కు నేల సాపుగ ఉన్నది. ఇసొంటి రైలుకు అంతకంటె మంచి జాగ దొరకదు.

నీ తమ్ముడు
సాలోమోను


ముడిమ్యాల
24 జనవరి 1969

తమ్ముడు సాలోమోనుకు అక్క దీవెనలు. ప్రభువు మీ అందరికి తోడుండాలె.

నీ ఉత్తరం మీ బావకు నాలుగుసార్లు చదివి వినిపించిన. అయిదోసారి ఆయనే తీసుకొని పోయి ఊరికి వినిపించిండు. వంకాయ, టమాట గంపలు బండి మీద ఏసుకొని శంకర్‌పల్లి పోయేసరికి సగం వాడిపోతయని ఇరవై ఏండ్లసంది బాధపడే మనిషి. గంప మీద తడి గోనె కప్పుకుంట, తీసుకుంట, నీళ్ళు చల్లుకుంట పోతడు. ఆయనకు నువ్వు రాసింది దేవుడు పంపిన జవాబు లెక్క కనబడ్డది.

నాతోని దరఖాస్తు రాయించిండు. బడి అయినంక రోజూ కూసొని రాసిన. నౌపడల ఉప్పు, లాతూరుల పత్తి, డార్జిలింగ్‌ల తేయాకు మోసినట్టు మా తాలూకాల కూరగాయలు, జామపండ్లు, జబ్బుమనుషులను మోస్తదని రాయమన్నడు. రాసిన. చేవెళ్ళ, మొయినాబాద్ నడిచి తిరిగి నూట అరవై వేలిముద్రలు పట్టిచ్చుకొచ్చిండు. చానమంది నవ్విన్రు. తాలూకా కచ్చేరిల క్లర్కు మాత్రం నవ్వకుంట కాగితం తీసుకున్నడంట. క్లర్కు నవ్వలేదు సారమ్మా అని ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పిండు.

హైదరాబాద్ పట్నంల పిల్లలు కాలేజీలు బంద్ పెట్టిన్రు. ప్రత్యేక తెలంగాణ కావాలని జులూసులు తీస్తున్నరు. మన దిక్కు వసూలైన రాబడి మిగులు మన మీద ఖర్చు పెట్టలేదని అందరి నోట అదే మాట. మీ బావ ఈ రెండు ముచ్చట్లు ఒకటి చేసుకున్నడు. మన మిగులు మనకు వస్తే ముందు ఏసేది ఆ రైలే అంటున్నడు. నేను కాదనలేదు. ఆయన ఇంత సంతోషంగ ఉండంగ చూసి ఎన్నేండ్లయిందో.

ప్రమీలమ్మను జర పైలంగ చూసుకో. ఆంధ్రోళ్ళు అని ఇక్కడ మాట గరంగ ఉన్నది. ఆమె మన ఇంటి పిల్ల, నేను ఎవరినీ ఏమీ అననియ్య.

అక్క
సారమ్మ


నౌపడ
18 మార్చి 1969

అక్కకు వందనాలు.

డ్యూటీలు ఎక్కువై జవాబు ఆలస్యమైంది.

పోయిన వారం పెద్దాఫీసర్లు వచ్చిన్రు. మా బండిల గుణుపూర్ దాక కూసొని పోయిన్రు. ఏ స్టేషన్ల ఎంతమంది ఎక్కిన్రు, ఎన్ని బస్తాలు దిగినయి, అన్నీ రాసుకున్నరు. ఎందుకో నాకు తెల్వది.

బావను తొందరపడొద్దని చెప్పు. దరఖాస్తు అంటే ఏండ్లు పడుతది. పొలం పని చూసుకొమ్మను. రైలు సంగతి ఊరూరా చెప్పుకుంట తిరగొద్దని నేను చెప్పిన అని చెప్పు.

ఇక్కడ నన్ను ఎవరూ ఏమనలేదు. జోగినాయుడు ఒక్కసారి అడిగిండు, మీవాళ్ళు మమ్మల్ని పొమ్మంటున్నారట కదా అని. నేను బొగ్గు ఏసుకుంట నిలబడ్డ. ఆయన మళ్ళ అడగలేదు.

పిల్లలు బాగున్నరు.

సాలోమోను


చేవెళ్ళ
22 జూన్ 1969

తమ్ముడా,

ఇది చేవెళ్ళల మా పాత హెడ్మాస్టరమ్మ ఇంట్ల కూసొని రాస్తున్న. మీ బావను అరెస్టు చేసిన్రు.

నువ్వు తొందరపడొద్దని రాసింది చెప్పిన. సాలోమోనుకు ఆంధ్రల ఉండి భయం పట్టుకున్నది అని నవ్విండు. ఎండాకాలంల తాడు పట్టుకొని శంకర్‌పల్లి తొవ్వ నుంచి మన బాయి గడ్డ దాక కొలిచి సున్నం పోసిండు. మృగశిర వానలకు అందరు దున్నుకుంటుంటే ఆయన మన చెల్కల నిలువునా ఒక పట్టె ఇడిచిపెట్టిండు. రైలుకు అడ్డమొచ్చే పంట ఎందుకు, రేపు పీకేటప్పుడు కడుపు మండుతది అన్నడు.

అంతటితోని ఆగితే బాగుండు. ఆ సున్నం గీత మన పక్క చెల్క మైసయ్య జామతోటల నుంచి పోయింది. మైసయ్య నీకు ఎరుకే, మాట తక్కువ మనిషి, చిన్నప్పటి నుంచి మీ బావ మాట జవదాటడు. మీ బావ చెప్పిండని తన పదకొండు చెట్లు తనే కొట్టేసిండు. కాపు మీదున్న చెట్లు తమ్ముడా. మైసయ్య భార్య గోపమ్మ పచ్చి కాయలు ఒళ్ళో ఏరుకొని మా ఇంటి ముంగట గుమ్మరించి పోయింది. నేను మీ బావ మీద మొదటిసారి గట్టిగ అరిచిన. రైలు వచ్చినంక ఆమే ముందు ఎక్కుతది చూడు అన్నడు.

పోయిన సోమవారం తాలూకా కచ్చేరి ముంగట సత్యాగ్రహం చేసి పద్దెనిమిది మంది అరెస్టు అయిన్రు. మిగిలినోళ్ళు జై తెలంగాణ అన్నరు. మీ బావ జై తెలంగాణ, చేవెళ్ళకు రైలు అన్నడంట. పట్నం జైలుకు తీసుకపోయిన్రు. బడులు బంద్ ఉన్నయి, బస్సులు ఒక రోజు ఉంటే రెండు రోజులు ఉండయి. ములాఖత్‌కు పోదామని మూడు రోజులసంది ఇక్కడ ఎదురుచూస్తున్న.

మీ రైల్వేల ఎవరన్న పెద్దోళ్ళు ఈ దరఖాస్తు గురించి ఒక మంచి మాట రాసిస్తరేమో అడుగు. ఆ కాగితం చూపిస్తే జైల్ల ఆయనకు ధైర్యంగ ఉంటది.

సారమ్మ


నౌపడ
20 జూలై 1969

అక్కా,

ఈ ఉత్తరం నీకొక్కదానికే.

మార్చిల ఆఫీసర్లు ఎందుకొచ్చిన్రో తెల్వది అని రాసిన. అది అబద్ధం. రాబడి లేని లైన్లు మూసెయ్యాల్నా అని దేశమంత తిరిగి చూస్తున్నరు. పర్లాకిమిడిల బండి ఆగినప్పుడు నేనే ఒకాయనకు చాయ్ తీసుకపోయి ఇచ్చి అడిగిన, హైదరాబాద్ దిక్కు మా ఊరి కాడ ఇసొంటి లైను ఏస్తరా సార్ అని. ఆయన చెడ్డోడు కాదు. నన్ను కూసోమన్నడు.

"కొత్తగా చిన్న లైను ఈ దేశంలో ఇక ఎక్కడా వెయ్యరయ్యా. ఉన్నవాటిని పీకాలా, పెద్దవి చెయ్యాలా అన్నదే మాట. లారీలు వచ్చాక దీని పని అయిపోయింది."

బండి నిండ మనుషులున్నరు గద సార్ అన్న. మనుషులున్నరు, టికెట్లు లేవు అన్నడు. ఉప్పు కూడ సగం లారీల మీదనే పోతున్నదని నాకు తెల్సు. నేను చూస్తనే ఉన్న. డిసెంబర్ల నీకు ఉత్తరం రాసిననాడు కూడ చూసిన. అది రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్త. పదకొండేండ్ల నుంచి ఈ పని చేస్తున్న. మన ఇంట్ల అందరికి నేను బొగ్గు ఏసేటోడిని. నా బండి ఎంత వెడల్పు, ఏం మోస్తది అని అడిగినోడు బావ ఒక్కడే. ఆయన అడిగేసరికి నా పని నాకే పెద్దగ కనబడ్డది. ఉన్నదానికంటె మంచిగ రాసిన. మార్చిల నిజం రాద్దామని రెండుసార్లు కూసున్న. కలం ఆడలేదు.

జామచెట్ల సంగతి చదివినంక ఇంక దాచలేకపోయిన. నువ్వు అడిగిన కాగితం ఎవరూ రాసియ్యరక్కా. ఇంక నువ్వే చెప్పు బావకు. లేకపోతే చెప్పకు. ఏది మంచిదో నాకు తెలుస్తలేదు.

సాలోమోను


ముడిమ్యాల
28 సెప్టెంబర్ 1969

సాలోమోనుకు,

నీ ఉత్తరం జూలై ఆఖరుకు చేరింది. ఇన్ని రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తనో అని నాకే భయమైంది. నువ్వు నీ బరువు దించుకున్నవు. దించి నా నెత్తిన పెట్టినవు. చెప్పు, లేకపోతే చెప్పకు అని రాస్తివి. అక్కకు రాసే మాటనా అది?

నేను చెప్పలేదు. జైల్ల ఉన్న మనిషికి ఏమని చెప్పాలె. ములాఖత్‌ల ఊసల అవతల నిలబడి, లోపల మరో నలభై మందితోని వేలిముద్రలు పెట్టిచ్చిన అని చెప్పిండు. బొగ్గు ముక్కతోని గోడ మీద లైను గీసి అందరికి చూపిచ్చిండంట. నేను తల ఊపి వచ్చిన.

ఈ నెల మొదట్ల ఇడిచిపెట్టిన్రు. బక్కచిక్కి బొక్కలు తేలి వచ్చిండు. దగ్గు ఉన్నది. జైలుకు పోకముందే పొద్దుగాల దగ్గుతుండె, నేను పట్టించుకోలేదు. వచ్చిన మూడోనాడే తాడు తీసుకొని బయలుదేరిండు. ఇరవై రోజులు చూసుకుంట ఊరుకున్న. మొన్న మన ఊరి అంతయ్య వచ్చి, సున్నం గీత మీదున్న తన పశువుల కొట్టం ఇప్పుతనని, మంచి రోజు చూసి చెప్పుమని మీ బావను అడిగిండు. వానకాలంల గొడ్లు యాడ నిలబడాలె. అప్పుడు ఇంక ఆగలేకపోయిన. బైబిలుల పెట్టిన నీ ఉత్తరం తెచ్చి ఆయన చేతికిచ్చిన.

వాకిట్ల కూసొని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట రెండుసార్లు చదివిండు. తరువాత అడిగిండు.

"నీకెప్పటిసంది తెల్సు?"

జూలై నుంచి అన్న. సరే అన్నడు. కోపం చెయ్యలేదు. కోపం చేస్తే నాకు జర సులువుగ ఉండు. కట్టె పట్టుకొని అంతయ్య ఇంటికి పోయి కొట్టం ఇప్పొద్దని చెప్పిండు. ఆడి నుంచి మైసయ్య ఇంటికి పోయిండు. అక్కడ ఏం మాటలైనయో నాకు చెప్పలేదు. అప్పటిసంది మైసయ్య మాతోని మాట్లాడుతలేడు, బాయి కాడ ఎదురుపడితే తొవ్వ మార్చుకుంటడు.

నిన్న అన్నడు, ఒక్కసారి సాలోమోను రైలు చూసి రావాలె అని. ఒద్దన్న. గీ పానంతోని అంతదూరం ఎట్ల పోతవన్న. వింటలేడు. వస్తే మందలించకు. నీ మీద నాకు ఎంత కోపమున్నా ఆయనను మంచిగ చూసుకో.

సారమ్మ


నౌపడ
22 నవంబర్ 1969

అక్కకు,

బావ మొన్న ఇక్కడి నుంచి బయలుదేరిండు. ఆయన చేరేసరికి ఈ ఉత్తరం కూడ చేరుతదనుకుంట.

వచ్చిన రోజు స్నానం చేసి ప్రమీలమ్మ పెట్టిన గంజి తాగిండు. పిల్లలు మాట్లాడే మాట విని నవ్విండు. తెల్లారి జోగినాయుడును బతిలాడి బావను ఇంజను వెనక డబ్బాల కిటికి కాడ కూసోబెట్టిన. గుణుపూర్ దాక నా కండ్లు ఆయన మీదనే ఉన్నయి. ఎక్కినోళ్ళను, దిగినోళ్ళను చూసుకుంట పోయిండు. ఒక సవర అవ్వ పసుపు మూట ఆయన కాళ్ళ మీద పెట్టింది. ఆమె మాట ఆయనకు రాదు, ఆయన మాట ఆమెకు రాదు. ఆ మూట పాతపట్నం నుంచి గుణుపూర్ దాక రెండు చేతులతోని పట్టుకొనే ఉన్నడు.

గుణుపూర్‌ల పట్టాలు అయిపోతయి. ఇంజను నీళ్ళు పట్టేటప్పుడు బావ ఆ చివర దాక నడిచిపోయిండు. నేను పోయి పక్కన నిలబడ్డ. అప్పుడు అడిగిండు.

"ఇంతమంది ఎక్కుతున్నరు గదరా. ఎందుకు తీసేస్తరు?"

క్షమించు బావా అన్న. నువ్వు రాసిందంత నిజమే గదా, అన్నీ కండ్లతోని చూసిన, లేనిది ఏం రాయలేదు అన్నడు. తిట్టినా బాగుండు అక్కా.

వచ్చేటప్పుడు డబ్బాల దగ్గుతుంటే రుమాలుల రక్తం పడ్డది. దాచిపెట్టబోయిండు. చానా రోజులసంది పడుతున్నదంట, సారమ్మకు చెప్పకు అన్నడు. ఇంక నీకు ఏదీ దాచిపెట్టొద్దని రాస్తున్న. ఇక్కడి డాక్టరుకు చూపిచ్చిన. క్షయ అన్నడు. పాతదంట, రెండు దిక్కుల ఊపిరితిత్తులు పోయినయంట. వికారాబాద్ కాడ అనంతగిరి దవాఖానల చేర్చుమని చిట్టి రాసిచ్చిండు. ఇక్కడ ఉండు బావా, నేను సెలవు పెట్టి తీసుకపోత అన్న. అనంతగిరి మా ఇంటికి దగ్గర, సారమ్మ వచ్చి పోతుంటది అని ఆగకుంట పోయిండు. సెలవు దొరకలేదు. నౌపడ స్టేషన్ల పెద్ద బండి ఎక్కిచ్చి నిలబడ్డ.

చేరిన వెంటనే రాయి.

సాలోమోను


మొయినాబాద్
14 డిసెంబర్ 1969

తమ్ముడు సాలోమోనుకు,

మీ బావ పోయిండు. నవంబర్ ఇరవై అయిదు, మంగళవారం. నీకు తంతి కొట్టాలంటే ఆ వారమంత పోస్టాఫీసు తెరవలేదు. తరువాత నాకు చెయ్యి ఆడలేదు.

పట్నంల బస్సు ఎక్కి ఆదివారం మొయినాబాద్ దాక వచ్చిండు. ఆడి నుంచి బంద్ చేసేటోళ్ళు తొవ్వ మీద రాళ్ళు, చెట్లు అడ్డమేసి ఉంచిన్రు. డ్రైవరు అందరిని దింపి బస్సు మళ్ళిచ్చుకొని పోయిండు. నడవగలిగినోళ్ళు నడిచి పోయిన్రు. మీ బావ, ఇంకో అయిదారుగురు బడి అరుగు మీద ఉండిపోయిన్రు. బడి పక్కింటి బీరమ్మ గంజి కాసి పోసింది, తన బొంత కప్పింది. ఆమె ఎవరో మనకు తెల్వది, మనం ఎవరో ఆమెకు తెల్వది.

మంగళవారం పొద్దుగాల సైకిలు మీద వచ్చినాయన ముడిమ్యాలల చెప్పిండు. మాకు బండి ఉన్నది గని ఎడ్లను తోలే మనిషి లేడు. నేను వాకిట్ల నిలబడి ఎవరిని అడగాల్నా అని చూస్తుంటే మైసయ్య తన బండి కట్టుకొని వచ్చి ముంగట ఆపిండు. నేను పిలువలేదు. ఎక్కిన. తొవ్వ పొడుగునా రాళ్ళు తీసుకుంట, చెట్ల పక్కపొంటి చెల్కల్ల నుంచి తోలుకుంట మొయినాబాద్ చేరినం.

మీ బావ నన్ను గుర్తు పట్టిండు. బండిల గడ్డి పరిచి పండుకోబెట్టినం. ఆయన మైసయ్య దిక్కు చూసిండు, మైసయ్య ఎడ్ల దిక్కు చూసిండు. బండి కదిలితే అదురుకు ఆయన మూలుగుతుండె. అది విని మైసయ్య బండి దిగి, ఎడ్ల పగ్గం చేత పట్టుకొని గుంతలు తప్పించుకుంట నడిచిండు. చేవెళ్ళ దాటేదాక నడిచిండు.

బయలుదేరేటప్పుడు బీరమ్మ నాతోని ఒకటి అన్నది. "మీ ఆయన మంచిగ చెప్పిండమ్మా, వచ్చే ఏడాదికి మనకు చిన్న రైలు వస్తదంట గద. అరుగు మీద కూసున్నోళ్ళందరం అదే మాట్లాడుకున్నం" అన్నది. నాకు ఏం అర్థం కాలేదు. అన్నీ తెల్సిన మనిషి, నీ కాడికి పోయి కండ్లతోని చూసొచ్చిన మనిషి. బండిల ఆయన చెవి కాడ వంగి అడిగిన, ఎందుకట్ల చెప్పినవని.

ఆగి ఆగి అన్నడు. "బస్సు పోయింది, ఇంటికి ఎట్ల పోవాలని అందరు ఏడుస్తున్నరు సారమ్మా. నేను రైలు చూసొచ్చిన అంటే, మనకు వస్తదా అని అడిగిన్రు. రాదు అననీకి నోరు రాలే."

అవే ఆఖరి మాటలు. ముడిమ్యాల ఇంక రెండు మైళ్ళు ఉన్నదనంగ పానం పోయింది. డాక్టరు చిట్టి అంగీ జేబుల అట్లనే ఉన్నది. తొవ్వలు బంద్ ఉండి పాస్టరుగారు రాలేకపోయిన్రు, ప్రార్థన నేనే చేసిన. గుంత తవ్వినోళ్ళల్ల మైసయ్య ఉన్నడు. మట్టి పోసినంక ఇంటికి పోయిండు. ఇప్పటికీ నాతోని మాట్లాడడు. నేనూ అడుగుతలేను.

బీరమ్మ బొంత ఉతికి ఇచ్చిపోదామని ఇయ్యాల మొయినాబాద్ వచ్చిన. ఆమె ఇంట్ల కూసొనే ఇది రాస్తున్న. రైలు పని ఎక్కడి దాక వచ్చిందమ్మా అని రాంగనే అడిగింది. అయితున్నది అన్న.

నా నోటెంట ఆ మాట వచ్చినంక, సాలోమోనూ, నీ మీద కోపం పట్టుకొని ఉండనీకి నాకు బలం సాలలేదు. కోపం పోయిందని కాదు. పట్టుకోలేకపోతున్న, అంతే.

నువ్వు ఇప్పుడు రాకు. తొవ్వలు మంచిగ లేవు, వచ్చినా చూడనీకి ఏం లేదు. ఉత్తరాలు మాత్రం రాయి. పిల్లల సంగతి రాయి, ప్రమీలమ్మ సంగతి రాయి. రైలు సంగతి రాయకు.

అక్క
సారమ్మ